అయిదో పేరు

శిలాఫలకం చెక్కేవాళ్లు మామూలుగా పైనుంచి మొదలుపెడతారు. నేను కిందినుంచి మొదలుపెడతాను. పైన ఉండేవి పెద్దవాళ్ల పేర్లు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నది ఆఖరి గంట దాకా తేలదు. ఉలితో చెక్కిన పేరు తుడిస్తే పోయేది కాదు, బండ మొహం మొత్తం అరగదీయాలి. అట్లా మూడు బండలు పాడయ్యాక ఈ పద్ధతి పట్టుకున్నాను. కింది పేర్ల గురించి ఎవరూ ఫోన్ చేయరు.

ఈసారి చేశారు.

సెప్టెంబరు పదహారు, పొద్దున తొమ్మిది గంటలు. జనగామలో హన్మకొండ రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు. బండ మా ఊరిది. ఊరు జఫర్‌గఢ్‌కు దగ్గర. తెల్లవారితే పదిహేడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా మాది పదమూడు నెలలు వేరే రాజ్యం. నిజాం లొంగిపోయి ఈ గడ్డ దేశంలో కలిసిన రోజు అది. ఆ కొట్లాటలో చనిపోయిన మా ఊరివాళ్ల పేర్లతో బస్టాండు దగ్గర ఈ బండ నిలబెట్టాలి. అయిదు పేర్లు. నలుగురిని రజాకార్లు ఒకే రోజు కాల్చారు. అయిదో ఆయన లాల్ మహమ్మద్, ఎద్దుల కాళ్లకు నాడాలు కొట్టేవాడు. ఆ పని మీద ఊరూరు తిరుగుతూ సంచిలో నిజాం మీద కొట్లాడే సంఘం చీటీలు మోసేవాడు. సంఘం రాసిపెట్టుకున్న పాత కాగితంలో ఆయన పేరు ఉందని రిటైరైన టీచరు హన్మంత్ సారు తేల్చి చెప్పాకే ఆ పేరు జాబితాలోకి ఎక్కింది.

కిందినుంచి మొదటిది కాబట్టి ఆ పేరు చెక్కి రెండు రోజులైంది.

పది రోజుల కింద ఆయన మనవడు ఖదీర్ వచ్చాడు. చెల్పూర్ కరెంటు ప్లాంటు నుంచి బూడిద లారీ నడుపుతాడు. లారీ రోడ్డు మీదే ఆపి, దిగి, బండను చేత్తో తడిమి చూశాడు.

"మా అమ్మకు ఒక్కటే పట్టు కాకా. ఊర్ల ఇప్పటికీ మా జాగను రజాకారోళ్ల దొడ్డి అంటరట గద. ఆమె బతికుండంగ ఆ మాట పోవాలె. గంతే."

వాళ్ల అమ్మ నఫీసా బేగం. లాల్ మహమ్మద్ కూతురు. ఆయన చనిపోయినప్పుడు ఆరేళ్ల పిల్ల. ఆ నెలలోనే వాళ్లమ్మ ఆమెను ఎత్తుకుని మానుకోట పోయింది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. ఇద్దరూ మళ్లీ ఊళ్లో అడుగు పెట్టలేదు. పదహారున నఫీసా బేగం రైలుకు వచ్చి బండ చూస్తుందని, మర్నాడు ఊరికి తోలుకుపోతానని ఖదీర్ చెప్పాడు.

ఫోన్ చేసింది మహీధర్. మా ఊరి పటేళ్ల ఇంటివాడు. ఒక పార్టీకి మండలంలో పెద్ద.

"కాకా, పని ఆపు. ఆ అయిదో పేరు తియ్యాలె. వస్తున్నం."

సుత్తె కింద పెట్టాను. కూర్చోలేకపోయాను. బండ మీద నీళ్లు చల్లి తుడిచాను. మళ్లీ చల్లాను. రైలు పదకొండున్నరకు.

వాళ్లు పదిన్నరకే వచ్చారు. మహీధర్, హన్మంత్ సారు, మొన్నటి దాకా సర్పంచ్‌గా ఉన్న ఊర్మిళ. ముగ్గురివి మూడు జెండాలు. కారు మాత్రం ఒకటే. దిగుతూనే కొట్లాట.

"మిలట్రీ రాకుంటే మీ సంఘమోళ్లు ఇంకో ఇరువై ఏండ్లు అడవులనే ఉందురు సారూ," అన్నాడు మహీధర్. "నిజాం ఎవలకు లొంగిండు? మీ బర్మారు తుపాకులకా?"

"మిలట్రీ వచ్చింది ఎన్ని దినాలు? అయిదు. మావోళ్లు కొట్లాడింది ఎన్నేండ్లు? నువ్వు పెండ్లి నాడొచ్చి అక్షింతలేసి, పిల్లను నేనే సాదిన అన్నట్టున్నది."

"ఇగో సారు, పెండ్లి ముచ్చట్లు జెప్పకు. పైన 'విమోచన' అనే ఉండాలె."

"'సాయుధ పోరాటం' లేకుంటే నేను రేపు ఆ బండ దిక్కు సూడ."

"మీ ఇద్దరి నడుమ నా తలకాయ పగులుతాంది," అంది ఊర్మిళ. "తాసిల్దారు మేడం 'సమైక్యత' అని పెట్టుమన్నది. మా అత్తనేమో బియ్యం దంచి సంఘపోళ్లకు బువ్వ వండిందట. ఆ మాట ఏ బండ మీద రాస్తరు? పెద్దబాపూ, నువ్వు జెప్పు. ఎవలతోని వచ్చింది ఇదంత?"

నేను చెప్పలేదు. అడిగితే చెప్పే అలవాటు నాకు లేదు. నా భార్య ఉన్నప్పుడు, ఆకలైందో లేదో కూడా మొహం చూసి తెలుసుకునేది.

వాళ్లు గంట సేపు వాదించుకున్నారు. నేను రోడ్డు మీదికి పోయి వచ్చాను. మబ్బు పట్టింది. స్టేషన్ దిక్కునుంచి ఆటోలు వస్తున్నాయి, ఏదీ ఆగడం లేదు. తిరిగి వచ్చేసరికి బేరం కుదిరింది.

మహీధర్ చెప్పాడు. "కాకా, విను. ఆ సాయిబు సచ్చింది ఇరువై తారీఖు. పదిహేడు దాటినోళ్లను రాస్తే అది ఎక్కడ ఆగుతది? అందుకని పదిహేడు దాక సచ్చినోళ్లే. దానికి సారు ఒప్పుకున్నడు. పైన 'సాయుధ పోరాటం' అని పెడుదం, కింద 'విమోచన' అని పెడుదం. దానికి నేను ఒప్పుకున్న."

నేను హన్మంత్ సారు దిక్కు చూశాను. పాత కాగితం తెచ్చి చూపించింది ఆయనే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక మాట నిలవాల్నంటే ఒక మాట ఇడువాలె పోశాలన్నా."

"మరి అయిదో వరుస?" అని ఊర్మిళ అడిగింది. "పేరు తీస్తే బోడిగ ఉంటది."

"ఏం బోడి? పోశాలు కాక బాపు పేరు పెడుదం," అన్నాడు మహీధర్. "పద్దెనిమిది పొద్దుగాల ఊర్ల మొట్టమొదలు జెండా కట్టింది కొమురెల్లి తాతనే గద. ఊరంత ఎరుగుదురు. 'తొలి జెండా ఎగరేసినవారు' అని రాసి, కింద పేరు."

"అవు," అన్నాడు హన్మంత్ సారు.

"మంచిగుంటది," అంది ఊర్మిళ.

పొద్దటినుంచి ముగ్గురూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

"బండ అరగదీసే ఖర్చు నాది. ఒక్క పూటల అయితదా కాకా?"

అరవై ఏళ్లుగా ఊరి బడికి, చెరువు తూముకు, దవాఖానకు ఎవరెవరి పేర్లో చెక్కాను. మూడో తరగతిలో బడి మానినవాణ్ని, చాలా పేర్లు చదవకుండానే చెక్కాను. మా ఇంటి పేరు ఒక్కసారి కూడా ఏ బండా ఎక్కలేదు. సుద్ద తీసుకున్నాను. కొమురెల్లి. నాలుగు అక్షరాలు. ఎడమన ఎంత, కుడిన ఎంత వదలాలో కొలిచాను. లాల్ మహమ్మద్ పేరు మీదనే సుద్దతో గీశాను. 'కొ' గీసి, 'ము' గీశాను. సుద్ద విరిగింది. ఇంకోటి వెతకడానికి లేచాను. డబ్బా నిండా సుద్దలున్నాయి. అది వదిలేసి ఇంకో డబ్బా వెతికాను.

అప్పుడే ఆటో ఆగింది. ముందు ఖదీర్ దిగాడు. తర్వాత, అతని భుజం పట్టుకుని ముసలామె. సన్నటి మనిషి. నల్ల బురఖా, మొహం మీద ముసుగు లేదు. నేరుగా బండ దగ్గరికి వచ్చింది.

"ఏది బేటా?"

ఖదీర్ అయిదో వరుస చూపించబోయి ఆగాడు. సుద్ద గీతలు చూశాడు.

"కాకా, ఇదేంది?"

నేను సుద్ద డబ్బా కింద పెట్టాను. ఊర్మిళ కుర్చీ జరిపి, "కూసో అమ్మా, దూరంకెల్లి వచ్చినవ్," అంది.

"కూసుంట. మా అబ్బా పేరు ఏదో జెప్పుండ్రి ముందు."

మహీధర్ కుర్చీలో ముందుకు వంగాడు. "అమ్మా, నీ బాపు మంచోడే. మేం కాదంటలేం. గని తారీఖు కుదురుతలేదు. ఈ పేర్లన్ని పదిహేడు ముందటియి. ఆయనది ఇరువై."

"తారీఖు మేం పెట్టుకున్నమా బేటా? చంపినోళ్లు పెట్టిండ్రు."

"అది నిజమే గని..."

"రజాకార్లు ఆయనను ఎందుకు చంపలే? దొరకలే గన్క. దొరకకుంట తిరిగి, అందరు జెండాలు కట్టినంక ఇంటికొచ్చిండు. నాకు బెల్లం తెచ్చిండు. అన్నం తినుకుంట ఉన్నడు. బైట ఎవడో కేకేసిండు, 'వీడు రజాకారు' అని. ఎవడో ఇయ్యాల్టికి ఎర్కలే. గా కేక మాత్రం నా చెవులనే ఉన్నది. గది పోవాల్ననే వచ్చిన."

"ఎవలకు ఎర్క అమ్మా ఇప్పుడు," అంది ఊర్మిళ మెల్లగా. "అప్పటోళ్లు ఒక్కలు గూడ లేరు."

"నాకెర్క," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. హన్మంత్ సారు కళ్లజోడు పెట్టుకున్నాడు.

"మా బాపు," అన్నాను.

"కాకా, ఊకో," అన్నాడు మహీధర్. "ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు?"

"హన్మకొండ దవాఖానల, పానం పోయే ముందట నాకు చెప్పిండు. నలుగురిని కాల్చిన నాడు రజాకార్లు ఆ సచ్చినోళ్ల ఇండ్లల్ల వడ్లు గుంజుకపోయిండ్రు. ఆ వడ్లు తోలింది మా బండి. భయానికి తోలిండో, కూలికి తోలిండో చెప్పలే. తెల్లారి మా ఎద్దు నాడా ఊడింది. కొట్టెతందుకు లాలు సాయిబు వచ్చిండు. బండి సందులల్ల వడ్లున్నయి. మా ఇంట్ల ఆ ఏడు పంట లేదని ఆయనకెర్క. సూసిండు. ఏమన్లే. నాడా కొట్టి పోయిండు."

ఇంత మాట ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడలేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనేమో అనిపించింది.

"మిలట్రీ వచ్చిందని ఎర్కైన పొద్దుగాల మా బాపు అందరికంటె ముందు జెండా కట్టిండు. రెండు దినాలల్ల పెద్దమనిషైండు. ఇరువై నాడు లాలు సాయిబు ఊర్లెకు వచ్చిండు. సంఘంల జెప్తడని మా బాపుకు భయం. కేకేసింది ఆయనే. జెండా కట్టినోడు జెప్తున్నడని అందరు నమ్మిండ్రు. కట్టెలు తీసుకున్నరు."

ఖదీర్ నా మీదికి ఒక అడుగు వేశాడు. వాళ్లమ్మ అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, నన్ను చూసింది.

"నీకెప్పటిసంది ఎర్క?"

"ముప్పై తొమ్మిది ఏండ్లు."

"ముప్పై తొమ్మిది ఏండ్లు," అంది. "మానుకోట ఎంత దూరం భాయ్ ఇక్కడికెల్లి?"

రోజుకు ఎన్ని రైళ్లు పోతాయో నాకు తెలుసు.

"కాకా, గిది బయటికి రావద్దు," అన్నాడు మహీధర్ లేస్తూ. "రేపు ఎమ్మెల్యే వస్తున్నడు. ఊరి పరువు. పేరుంటే ఉండనీ తియ్. తియ్యకు. ఉంచు. అయిపాయె గద అమ్మా? నీ బాపు పేరుంటది. ఇగ పాత ముచ్చట ఎందుకు తవ్వుడు?"

ఖదీర్ తల్లి దిక్కు చూశాడు. అతను ఒప్పుకునేటట్టే ఉన్నాడు. ఆమె అరచేత్తో బండ తుడిచింది. సుద్ద పోయింది. లోపల పేరు ఉంది.

"ఇది ఉంటది. మంచిదే. గని బండ మీద పేరు సూసి ఊరోళ్లు ఏమంటరు? ఎవడో రాయించుకున్నడు, రజాకారోళ్లు పైసలిచ్చి రాయించుకున్నరు అంటరు. అనరా బేటా?"

ఊర్మిళ, "అంటరు," అంది.

"పోశాలు భాయ్. నీ బాపు కేకేసింది ఊరందరి ముందట. నువ్వు నాకు షెడ్డుల చెప్పినవ్. రేపు మైకుల చెప్తవా?"

నేను తల ఊపాను.

"తలకాయ ఊపుడు కాదు."

"చెప్త," అన్నాను.

మహీధర్ కారు తలుపు గట్టిగా వేసుకుని పోయాడు. హన్మంత్ సారు, ఊర్మిళ బస్సుకు పోయారు. సాయంత్రం దాకా మిగిలిన నలుగురి పేర్లూ చెక్కాను. బేరం చెడింది కాబట్టి పైన ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. ఖాళీగానే వదిలేశాను. ఖదీర్ పోయి తన లారీ తెచ్చాడు, బండను అందులోనే ఎక్కించాం. గడ్డి పరిచి, తాళ్లు కట్టే దాకా అతను నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కట్టడం అయ్యాక, "రేపు రాకుంటే నేనే వచ్చి గుంజుకపోత," అన్నాడు.

మర్నాడు బస్టాండు దగ్గర షామియానా వేశారు. వాన వస్తుందో రాదో తెలియకుండా ఉంది. నా మనవలు ఇద్దరూ ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్లకు చెప్పలేదు. నా కొడుక్కీ చెప్పలేదు. లేచి పోదామని రెండు సార్లు చెప్పులు వేసుకున్నాను. ఎమ్మెల్యే మాట్లాడాడు. మహీధర్ మిలట్రీ గురించి, హన్మంత్ సారు సంఘం గురించి మాట్లాడారు. నఫీసా బేగం ఆడవాళ్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పక్కది కూడా.

మహీధర్ మైకు పట్టుకుని కార్యక్రమం అయిపోయిందని చెప్పబోయాడు. ఊర్మిళ పోయి అతని చేతిలోంచి మైకు తీసుకుని నా దగ్గరికి తెచ్చింది.

"పెద్దబాపూ, లే," అంది.

మైకు అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

"నేను పోశాలును," అన్నాను. "కొమురెల్లి కొడుకును."

తొలి జెండా కట్టినాయన పేరు వినగానే అందరూ చప్పట్లు కొట్టారు. నా మనవలు అందరికంటే గట్టిగా కొట్టారు. అవి ఆగేదాకా నిలబడ్డాను.