కోపం తాగే బండి

బాబుపేట్‌లో రోజూ పొద్దున ఏడింటికి పేతురు ఎవరినో ఒకరిని తిట్టేవాడు. తిట్టకపోతే ఆయన బండి కదిలేది కాదు. ఇరవై ఆరేళ్ల పాత ఎస్‌యూవీ అది, నాలుగు చక్రాలూ కలిసి లాగే రకం. దానికి డీజిల్ పోయడం మానేసి పదకొండేళ్లయింది. లోపల కూర్చున్నవాళ్ల కోపం మీద నడిచేది. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. "పేతురన్నా, ఇయ్యాల గూడ నల్లల నీళ్లు రాలే!" అని పక్కింటి రుక్కమ్మ గోడ మీంచి కేకేసేది, ఆయనకు సాయంగా. ఆ ఒక్క మాటకు బండి బల్లార్షా దాకా పోయొచ్చేది. కరెంటు బిల్లు వచ్చిన రోజైతే నాగ్‌పూర్ పోయి తిరిగొచ్చాక కూడా కోపం మిగిలి, వారం రోజులు హారన్ దానంతటదే మోగేది.

పేతురంటే అల్లాటప్పా మనిషి కాదు. ముప్పై ఎనిమిదేళ్లు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ తోలినవాడు. వంద టన్నుల డంపర్‌ను వెనక్కి నడిపి, కోడిగుడ్డు మీద చక్రం ఆనించి, గుడ్డు పగలకుండా ఆపాడు. ఆ గుడ్డు తర్వాత పిల్లయింది, ఆ పిల్ల పెట్టై మళ్లీ గుడ్లు పెట్టింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆయన తల్లి సరోజమ్మకు ఎనభై ఒకటి. ఆ ఇంట్లో కోపమెరగనిది ఆమె ఒక్కతే. ఆమె ఒంటరిగా ఎక్కి కూర్చుంటే బండి దగ్గు కూడా దగ్గేది కాదు. పడుచుతనంలోనే ఆమె పెనిమిటి దానియేలు మీద గని కప్పు కూలింది. కంపెనీవాళ్లు ఒక తెల్లచీర, ఒక మిఠాయి డబ్బా తెచ్చిచ్చారు. "దేవుడు చూసుకుంటడు" అంది. ఆయన బదులు ఇవ్వాల్సిన నౌకరీకి ఏడేళ్లు తిప్పారు. అప్పుడూ అదే మాట. చివరికి దీపాల గదిలో పని దొరికింది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం ఇచ్చి, అతని నంబరు చెక్కిన ఇత్తడి బిల్ల మేకుకు తగిలించాలి. పైకొచ్చాక బిల్ల తిరిగివ్వాలి. షిఫ్టు అయిపోయాక మేకుకు బిల్ల మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. రెండు వేల బిల్లలు, రెండు వేల ముఖాలు ఆమెకు కంఠతా.

బొగ్గు గనుల కోసం మరాఠీ నేలకు వచ్చిన ఆ కాలపు తెలుగు కార్మికులకు ఒక పద్ధతి ఉండేది. మనిషి పోతే శిలువ మీద పేరు రాసేవారు కాదు, అతని బిల్ల కొట్టేవారు. పేరు చదవగలిగేవాళ్లు తక్కువ, నంబరైతే అందరికీ తెలుసు. ఆ పద్ధతే కొంప ముంచింది: నంబరు చూసి అది ఎవరి సమాధో చెప్పే కాగితం ఇప్పుడెవరి దగ్గరా లేదు.

పద్మాపూర్ అవతల పాత సమాధుల చుట్టూ కొత్తగా వచ్చిన గుత్త కంపెనీ ఒకటి గని మట్టిని గుట్టలుగా పోసింది. దారి పూడిపోయింది. పోయిన ఆగస్టులో నోటీసు పంపింది: వచ్చే శుక్రవారం పదకొండింటికి సర్వే. ఏ సమాధి పక్కన దాని తాలూకు మనిషి నిలబడడో, ఆ సమాధిని మట్టితో కప్పేస్తారు. అక్కడున్నవి ముప్పై ఒక్క సమాధులు. మిగతా కుటుంబాలు ఎప్పుడో మంచిర్యాలకు కొన్ని, పైలోకానికి కొన్ని వెళ్లిపోయాయి. దానియేలుకు మాత్రం సరోజమ్మ ఉంది.

"అమ్మను నా పికప్‌ల తీస్కపోదాం" అన్నాడు తమ్ముడు రాబిన్సన్. పెళ్లిళ్లకు డేరాలు, కుర్చీలు మోసే కొత్త పికప్ అతనిది. "నీ డబ్బా నడిమిట్ల ఆగితే అమ్మను భుజం మీద ఎక్కించుకుంటవా?"

"అరేయ్, నీ పికప్‌కు లాగేది ఎనుక, బరువుండేది ముందర. బురదల చక్రాలు తిరుగుతయ్, బండి కదలదు. కుర్చీలు మోసేటోనివి, గుట్టల సంగతి నీకేం ఎరుక?"

"ఎనుక ఇసుక బస్తాలేస్త."

"పొడుగు బండిరా అది! కట్ట మీద పొట్ట ఆనిందంటే నాలుగు చక్రాలు గాలిలనే!"

"నీది ముసల్ది. ముట్టుకుంటే రేకు రాలుతున్నది."

"రాలనీ! నువ్వు రేకునెక్కుతవా, బండినెక్కుతవా?"

వారం రోజులు సాగింది ఈ రగడ. బండి కిటికీలు తెరిచే ఉన్నందుకు ఆ కోపమంతా లోపలికి పోయి, పాత బండి ఎవరూ లేకుండానే చర్చి దాకా పోయి తిరిగొచ్చింది, రెండుసార్లు. చివరికి సరోజమ్మే అంది: "రెండూ తీయుండ్రి బిడ్డా. దేవుడు ఏది ఎక్కిస్తే అదే ఎక్కుత."

శుక్రవారం పొద్దున వాన. పన్నెండు ఇసుక బస్తాలతో పికప్ ముందు పోయింది, తల్లితో పేతురు వెనక. మొదటి కట్ట మీదే పికప్ పొట్ట ఆనించుకుని ఉయ్యాల ఊగింది. రాబిన్సన్ దిగి, చక్రాన్ని ఒక్క తన్ను తన్ని, అన్న బండిలోకొచ్చి ధడేల్మని తలుపేశాడు.

"నవ్వకు."

"నవ్వుతున్ననా?"

"నీ మీసం నవ్వుతున్నది!"

ఇద్దరి కోపం ఒక్కసారి పడేసరికి బండి ఎగిరింది. గోడలా నిలువుగా ఉన్న గుట్ట. మేకలు కూడా దండం పెట్టుకుని ఎక్కాల్సిన గుట్ట. సగం గుట్ట మూడు నిమిషాల్లో ఎక్కేసింది. వెంట ఎగిరిన కాకులు అలిసి దిగిపోయాయి.

అప్పుడు గనిలో సైరన్ మోగింది.

పేతురు కాలు బ్రేకు మీద పడింది. చెయ్యి తాళం తిప్పేసింది. ఏటవాలులో ఆగిన బండి ఇరుసు దాకా బురదలో దిగింది.

"ఎందుకాపినవే అన్నా?"

"సైరన్... పేలుడు సైరన్ మోగితే బండి ఆపాలె, ఇంజిన్ బంద్ చేయాలె."

"నువ్వు రిటైరై నాలుగేండ్లాయె గద!"

"కాలు రిటైర్ కాలే తమ్మీ."

గుట్ట అదిరింది. పాత అలవాటు కొద్దీ అన్నదమ్ములిద్దరూ తలలు వంచి, కిందున్నవాళ్ల కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేశారు. ఆ నిమిషమే ముంచింది. కళ్లు తెరిచేసరికి కోపం లేదు. తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. గడియారంలో పది నలభై.

"తిట్టరా నన్ను!" అన్నాడు పేతురు.

"కోడిగుడ్డు డ్రైవరా!"

"కుర్చీల మొగోడా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట, ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు. రాబిన్సన్ కళ్లు తుడుచుకుని జేబులోంచి నోటీసు తీశాడు. "ఆగు, ఇది చదివితే నాకు మండుతది" అని మరాఠీలో బిగ్గరగా చదివాడు. చివరి వాక్యం దగ్గర గొంతు తగ్గింది. ఎవరూ రాని సమాధులను బేవారస్‌గా, అంటే నా అన్నవాళ్లు లేనివిగా, లెక్కిస్తామని ఉంది అందులో. ఆ మాటను వారం రోజులుగా ఇద్దరూ తల్లికి దాచారు.

"ఏమన్నరు?" వెనక సీట్లోంచి సరోజమ్మ.

రాబిన్సన్ నోటీసు మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"బేవారసా?"

ఇంజిన్ దగ్గింది.

"మీ నాయిన, పదకొండు వందల నలభై ఏడు, బేవారసా? తెల్లచీర ఇచ్చిండ్రు, కట్టుకున్న. ఏడేండ్లు తిప్పిండ్రు, తిరిగిన. మనిషి సచ్చిన ఇంటికి మిఠాయి తెస్తరారా ఎవరన్నా? తెచ్చిండ్రు! ఆకలికి మీ ఇద్దరికి అదే పెట్టిన! ఇగ ఇప్పుడు బేవారసా?"

బానెట్ ఎగిరిపడింది. ఏళ్ల తరబడి దేవుడికి ఒప్పజెప్పిన కోపాన్ని దేవుడు వడ్డీతో సహా వాపసు ఇచ్చినట్టుంది. చక్రాల కింద బురద చిటపటలాడి ఎండి, రాయైంది. వాన చుక్కలు అద్దం తాకకముందే ఆవిరయ్యాయి. పేతురు స్టీరింగ్ వదిలేసి శిలువ గుర్తు వేసుకున్నాడు. బండి గుట్ట నెత్తికెక్కి, అవతలికి దిగి, సమాధుల మధ్య నిలబడింది. పది యాభై ఎనిమిది.

మట్టి తోసే డోజర్ సిద్ధంగా ఉంది. గొడుగు కింద కుర్ర ఆఫీసరు కాగితాలు పట్టుకుని, "ఆజీ, వీటిల్లో మీదేది?" అని ఆ అవ్వను మరాఠీలో అడిగాడు.

సరోజమ్మ మొదటి శిలువ దగ్గరికి నడిచి, కొంగుతో బిల్ల తుడిచింది. "రాసుకో. మూడు వందల పన్నెండు. గట్టు నర్సయ్య. దవడల తంబాకు లేంది దిగకపోయేటోడు." రెండో శిలువ. "ఎనిమిది వందల నాలుగు. ఇమ్మానుయేలు. బిడ్డ పెండ్లి నాలుగు దినాలుందనంగ పోయిండు."

"ఆజీ, వీళ్ల తాలూకు మనుషులు..."

"నేనే. వీళ్లందరికి దీపమిచ్చి పంపింది నేను. బిల్లలు నా మేకులకే మిగిలినయ్. నేను కాకపోతే ఎవరు?"

ఆఫీసరు నోరు తెరవబోయాడు. వెనక బండి ఒక్కసారి గర్జించింది. డోజర్ తనంతట తాను మూరెడు వెనక్కి జరిగింది. అతను రాసుకున్నాడు. ముప్పై సమాధులు, ముప్పై నంబర్లు, ముప్పై మంది. ఒక్క అంకె తడబడలేదు. ఆఖరి శిలువ దగ్గర ఆమె తడి మట్టి మీద కూలబడింది.

"పదకొండు వందల నలభై ఏడు. ఈయనకొక్కనికే నేను దీపం ఇయ్యలే."

ఆఫీసరు గొడుగు తెచ్చి ఆమె మీద పట్టాడు. ముప్పై ఒక్క గడుల్లోనూ సరోజమ్మ అనే రాశాడు.

పేతురు తాళం తీశాడు, ఇంజిన్ ఆగలేదు. బ్యాటరీ విప్పారు, ఆగలేదు. బండిని లాగబోతే ఇంచు కదల్లేదు. దాన్ని అక్కడే వదిలి, ముగ్గురూ అది ఎండబెట్టిన దారి వెంట నడిచొచ్చి, బస్తాలు దింపి పికప్‌ను కట్ట మీంచి తోసి, అందులో ఇంటికొచ్చారు.

గుత్త కంపెనీ బండిని తీయించడానికి నాలుగుసార్లు మనుషుల్ని పంపింది. ఆ ఇంజిన్ చప్పుడు విని డంపర్లు మొరాయించాయి. మట్టి గుట్ట ఇప్పుడు సమాధులకు వంద గజాల అవతలి నుంచి పక్కకు తిరిగి పోతోంది.

"నల్ల రాలే పేతురన్నా!" అని రుక్కమ్మ ఇప్పటికీ కేకేస్తుంది. "రేపొస్తది తియ్యి రుక్కమ్మా" అంటాడాయన. ఆదివారాలు తమ్ముడి పికప్‌లో పద్మాపూర్ పోయి చూసొస్తాడు. రాగానే సరోజమ్మ అడుగుతుంది:

"ఇంక నడుస్తున్నదా?"

"నడుస్తున్నదమ్మా."

"నడవనీ" అని ఆమె ఎల్లిపాయ పొట్టు తీయడంలో పడుతుంది.