గుంటడి గొట్టం

నా భార్య నూకమ్మ నిరుడు వానల్లో పోయింది. ఆవిడ పెంచిన కుక్క మిగిలింది. దేవుడు చేసిన ఈ బేరాన్ని నేనింకా ఒప్పుకోలేదు.

కుక్క పేరు గుంటడు. మగపిల్లాడు లేడన్న లోటు తీర్చుకోవడానికి ఆవిడ పెట్టిన పేరు. ఒక చెవి నిలబడుతుంది, రెండోది నిలబడదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ వంటింటి గుమ్మంలో పడుకుని, ఆవిడ ఎటు వెళితే అటు తల తిప్పడమే పనిగా బతికింది. ఇప్పుడా పని లేదు. పొద్దున్నే నేను తాళం వేసి ఆదిత్యపూర్ వర్క్‌షాపుకి బయల్దేరగానే మొరగడం మొదలుపెడుతుంది. నేను ఖర్కాయి నది దాటి తిరిగొచ్చేదాకా ఆపదు.

కింది వాటాలో ఉండే తవిటమ్మ ఇంటి ఓనరు. బర్మామైన్స్‌లో మా సందు మొత్తానికి ఆవిడ నోటికి ఎదురు లేదు. నాకు శనివారం దాకా గడువిచ్చింది. ఆలోగా మొరుగుడు ఆగకపోతే ఆదివారం జుగ్సలాయి సేఠ్ మనిషి వచ్చి కుక్కని పట్టుకుపోతాడు. సేఠ్ గోదాముకి కాపలా కావాలట. ఆ గోదాము నేను చూశాను. పప్పు బస్తాల మధ్య ఇనుప గుంజ, గుంజకి గొలుసు. ఆ గొలుసు ఎంత పొడవో కుక్క లోకం అంత.

పట్టుకుపోనీ అన్నాను. అని, మెట్లెక్కి పైకొచ్చి మా అమ్మాయి సౌజన్యకి ఫోన్ చేశాను.

కుక్కది పొగరు కాదని, దాని బుర్రకి పని లేక విసుగెత్తిందని తేల్చింది సౌజన్య. మా ఊళ్ళో కుక్కలకి విసుగన్నదే లేదని, ముద్ద కోసం పొద్దస్తమానం తిరిగేవని చెప్పాను.

"వహీ తో, అదే గదా నానా. ఆటికి ఎతుక్కునే పనుంది. నువ్వు పళ్ళెంలో ఎట్టీసి తాళమేసి పోతన్నావు. ఈడికింక పనేటుంది?"

నన్ను బిష్టుపూర్‌లో కుక్కల సామాన్లమ్మే దుకాణానికి తీసుకెళ్ళింది. నొక్కితే కూసే బాతు చూపించారు. ఒక గోల పోయి ఇంకో గోల వస్తుందని పక్కన పెట్టాను. తాడు చూపించారు. రెండో కొస పట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే అసలు కుక్క మొరగదు. ఇక మిగిలినవి, దొర్లిస్తే కన్నాల్లోంచి తిండి రాలే బంతి, మూతల కింద బిస్కెట్లు దాచే పలక. మూతలన్నీ గోటితో తీసి చూసి వదులని చెప్పాను. మా నాన్న ప్లాంటుకి సరుకు కొంటున్నాడని సౌజన్య దుకాణదారుకి హిందీలో చెప్పి, ఆ రెండూ తీసుకుంది.

గుంటడు బంతిని ఒక్కసారి బోర్లించి అంతా తినేసి, తర్వాత బంతిని కూడా కొరికింది. పలక మూతల్ని ఊడబెరికి నా చెప్పుల్లో పడేసింది. ఆపైన మొరిగింది.

బజారు సరుకు ఇంతేనని నేనే పనికి దిగాను. బతుకంతా ఉక్కు ప్లాంటులో గ్యాసు లైను ఫిట్టర్ని, రిటైరయ్యాకే ఈ వర్క్‌షాపు. నేను బిగించిన జాయింటు కారిందన్న మాట ఎవరి నోటా రాలేదు. కారితే మనుషులు పోతారు. వర్క్‌షాపులో పనికిరాని గొట్టం ముక్క అడిగి తెచ్చి, లోపల ఎండు నెత్తళ్ళ చేపలు వేసి, మరలకి టేపు చుట్టి, మూత రెంచితో బిగించాను. ఎక్కడైనా కారుతోందేమోనని సబ్బు నీళ్ళు పూసి చూశాను. ఒక్క బుడగ లేదు. కుక్క ముందు పెట్టాను.

అది నా చెయ్యి నాకింది. గొట్టం వంక కూడా చూడకుండా తలుపు దగ్గరికి పోయి మొరిగింది.

శుక్రవారం సాయంత్రం సౌజన్య వచ్చింది. మూత తనకీ ఊడి రాలేదు. సబ్బు నీళ్ళ సంగతి విని, నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది.

"బొమ్మ సెయ్యమంటే గ్యాసు లైను ఏసీసేవా నానా? వాసనే రాకపోతే ఆడేటి ఎతుకుతాడు? అమ్మ పచ్చడి సీసాలు కూడా ఇలాగే బిగించీవోడివి. నువ్వు డ్యూటీకెళ్ళేక, ఆటిని పట్టుకుని తవిటమ్మత్త దగ్గిరికి పోయీది."

నాకు తెలీదు. నూకమ్మ ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పకుండా పోయినవాళ్ళని నిలదీయడానికి దారి లేదు.

టేపు తీసేశాను. మరలు ఆకురాయితో అరగదీశాను. గొట్టానికి కన్నాలు వేశాను. కావాలని లీకు పెట్టడం నాకదే మొదలు, చెయ్యి ఒక పట్టాన ఒప్పుకోలేదు. మూత ఇంకా పెట్టకముందే గుంటడు లేచి వచ్చింది.

శనివారం పని నుంచి వస్తూ సందు మొదట్లోనే చెవి పెట్టాను. మొరుగుడు లేదు. కానీ మెట్ల దగ్గర తవిటమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో గొలుసు, రెండో చేతిలో కుక్క పడుకోవడానికని సేఠ్ పంపిన గోనెసంచి. మొరగలేదు కదా అన్నాను. తన గదిలోకి వచ్చి కూర్చోమంది. కూర్చున్నాను. పైన గొట్టం ఈ గోడ నుంచి ఆ గోడకి దొర్లింది.

"పొద్దుట్నించీ నా నెత్తిమీద గూడ్సు బండి నడుత్తంది తమ్ముడూ. మొరుగుడే నయం."

బతిమాలడం నాకు చేతకాదు. గొలుసు వంకే చూస్తూ కూర్చున్నాను. గొట్టం మళ్ళీ దొర్లింది. అందులో ఏముందని అడిగింది. నెత్తళ్ళన్నాను. వాడికెలా వస్తాయంది. మూత వదులుగా పెట్టానన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వా? నూకమ్మ సీసాలు తీసి తీసి నా మణికట్టు పోయింది. నువ్వు మూత ఒదులుగా ఎట్టేవా?"

ఎట్టేనప్పా అన్నాను.

నవ్వలేదు గానీ నవ్వినంత పని చేసింది. గోనెసంచి నా ఒళ్ళో పడేసింది.

"దీన్ని ఆ గొట్టానికి సుట్టు. సప్పుడు రాకూడదు. గొలుసు సేఠ్‌కి పంపీత్తాను."

ఆదివారం సేఠ్ మనిషి గొలుసుతోనే వెళ్ళాడు. గోనె గురించి అడిగితే చిరిగిపోయిందని తవిటమ్మ చెప్పింది.

ఇప్పుడు రోజూ డ్యూటీకి వెళ్ళేముందు గొట్టం నింపి, అలవాటు కొద్దీ మూత గట్టిగా బిగించేస్తాను. గుంటడు ఎదురుగా కూర్చుని నా చేతి వంకే చూస్తుంది, నూకమ్మని చూసినట్టు. మళ్ళీ వెనక్కి తిప్పి వదులు చేస్తాను.