బాయిలర్ కింద మంట

అద్దకం మిల్లు బాయిలర్ కింద మంట ఒక్క పూట ఆరినా అది పగిలిపోతుందని, వీధి వీధంతా లేచిపోతుందని అక్కడ అందరూ నమ్మేవారు. మిల్లుకు సెలవు లేకపోవడానికి అదే కారణమనేవారు. పగిలిన బాయిలర్‌ను చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు. చూసినవారి సంగతి విన్నవారే అందరూ.

భార్యాభర్తలిద్దరూ అక్కడే పనిచేస్తే చెరో షిఫ్టు వేసేవారు. బిడ్డల కోసమే ఈ ఏర్పాటని మేనేజరు దయగా చెప్పుకునేవాడు. సైరన్ మోగగానే గేటు దగ్గర బిడ్డలు చేతులు మారేవారు. బొగ్గు వేసే అతను, బట్ట ఉతికే అతని భార్య అలాగే కాపురం చేశారు.

"దగ్గుతోంది, చూసుకో," అంటూ ఆమె పాపను అందించేది. "ముందా మసి కడుక్కో. మొగుడివో పక్కింటాయనవో తెలీక బిడ్డనిచ్చేస్తున్నా."

పాప పకపకా నవ్వేది. "ముగ్గురం కలిసి ఎప్పుడు తింటాం నాన్నా?"

"బాయిలర్‌కి నిద్రొచ్చినప్పుడు తల్లీ."

ఒక మధ్యాహ్నం అతను పనిలో ఉండగా భార్య గేటు ఊచలు పట్టుకుని అరిచింది. "ఏమయ్యా, పాపకి ఊపిరందట్లేదు! నిన్నే అడుగుతోంది!"

అతను పార దించాడు. "పో," అన్నాడు సూపర్‌వైజరు. "అది పగిలితే నీ పిల్ల ఒక్కతే కాదు, వీధిలో పిల్లలందరూ పోతారు."

అతను గోడ అవతలి ఇళ్లకేసి చూశాడు. అందరిలాగే అతనూ నమ్మాడు. "బదిలీ మనిషి రాగానే వస్తానే," అని మళ్లీ పార అందుకున్నాడు.

అతను ఇల్లు చేరేసరికి పాప, తల్లి ఒళ్లోనే చల్లబడింది.

మర్నాడు రెండు షిఫ్టులూ గేటు ముందు గుమిగూడాయి.

"అందరం శ్మశానానికి పోతే బాయిలర్ గతేంటి?" అని నసిగాడు నూలు మోసే ముసలాయన.

"అది పగలడం నువ్వు చూశావా బాబాయ్?" అంది తల్లి.

"మా మామ చెప్పాడమ్మా."

"ఆయన చూశాడా?"

"ఆయనకీ ఎవరో చెప్పారు."

"నా బిడ్డ పోవడం నేను చూశాను."

బొగ్గు మనిషి లోపలికి నడిచాడు. అతని వెనుక అందరూ కదిలారు. నిప్పులు బయటికి లాగారు. ఆవిరి వదిలారు. ఆ చప్పుడుకు కొందరు చెవులు మూసుకున్నారు. పారిపోయినవారు లేరు.

"పోలీసుల్ని పిలుస్తాను!" అన్నాడు మేనేజరు.

"పిలు. నువ్వూ రా, బిడ్డను మోద్దువుగాని," అంది ఒక ఉతికే మనిషి.

పాపను మట్టిచేసి వస్తుంటే పోలీసులు తండ్రిని పట్టుకుపోయారు. అతన్ని వదలాలి. వారానికొక రోజు మిల్లు మొత్తానికి సెలవివ్వాలి. అందాకా ఎవరమూ లోపలికి పోమని రెండు షిఫ్టులవాళ్లూ గేటు ముందు బైఠాయించారు. తల్లి మొదటి వరుసలో కూర్చుంది.

మరుసటి రోజుకు బాయిలర్ పూర్తిగా చల్లారింది. పగలలేదు.