లోకస్ స్టాండి

బరంపురం కోర్టు వరండాలో గురువమ్మ చతికిలబడి కూర్చుంది. ఏడుపు రావడం లేదు. వస్తే బాగుండునని కూడా అనిపించడం లేదు.

మొగుడు జగ్గన్న పొడంపేట నుంచి వేటకెళ్లి ఎనిమిదేళ్లయింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం ఒడ్డుకు చేరందే ఆడదాని గాజులు పగలగొట్టకూడదన్నారు పెద్దలు. "అన్న వొస్తాడొదినా, గాజులు తియ్యకు" అని అందరికంటే ముందు ఆమె చెయ్యి పట్టుకున్నది మరిది లోకనాథ్.

ఆ లోకనాథే ఇప్పుడు, జగ్గన్న ఉండగా సర్కారు అతని పేరున ఇచ్చిన కాలనీ ఇంట్లో తిష్ఠ వేశాడు. అన్న వచ్చేదాకా కాపలా ఉంటాడట! మొగుడు పోయాడు, ఇల్లు తనకిమ్మని గురువమ్మ కేసు వేసింది. పొద్దున లోకనాథ్ వకీలు ఆమె చేతులకేసి చూపించి, "ముత్తైదువలా ఉంది. మొగుడు బతికున్నాడని ఈమే నమ్ముతోంది. ఇక అతని ఇల్లు అడగడానికి ఈమెకు లోకస్ స్టాండి ఏది?" అన్నాడు ఒడియాలో. కొందరు నవ్వారు. జడ్జి భోజనానికి లేచారు.

"ఏటమ్మా ఆ మాట?" అని తన వకీలు పద్మినిని అడిగింది.

"లాటిన్. రోము వాళ్ల పాత భాష. లోకస్ అంటే చోటు. స్టాండి అంటే నిలబడ్డానికి. కోర్టులో నిలబడి ఇది నాదని అడిగే హక్కు నీకుందా అని. ఆళ్లు ఎప్పుడో పోయారు, మాట మిగిలింది."

"గాజులుంటే ఆ హక్కు పోద్దా?"

"సట్టంలో గాజుల్లేవు గురువమ్మా. కానీ జడ్జికీ కళ్లుంటాయి కదా" అంది పద్మిని, తల తిప్పుకుని.

గురువమ్మ లేచి కొళాయి దగ్గరికి వెళ్లింది. సబ్బు రాస్తే జారి వచ్చేవే. మళ్లీ తొడుక్కోవచ్చు కూడా. అది దొంగపని అనిపించింది. చేతులు సిమెంటు గట్టుకేసి కొట్టింది. ఊళ్లో అయితే ముసలమ్మలు చుట్టూ చేరి గొల్లుమనేవారు. ఇక్కడ నీళ్లు పట్టుకుంటున్న ఒకాయన బాటిల్ తీసుకుని పక్కకు జరిగాడు.

మధ్యాహ్నం పేరు పిలిచారు. వెళ్లి నిలబడింది. లోకనాథ్ ఆమె బోడి చేతులు చూశాడు. చూసి, ఎదురుగా జడ్జి ఉన్నారన్న సంగతే మరిచి, "అన్నా!" అని నేల మీద కూలబడి భోరుమన్నాడు.

జగ్గన్న కోసం ఏడ్చిన మొదటి మనిషి వాడే. గురువమ్మ పొడి కళ్లతో వాడి వంక చూసింది. ఇల్లు గుర్తు రాలేదు. ఏడవగలిగినందుకు వాడంటే కుళ్లు పుట్టింది.