గోరంత లేనివి

“కుర్చీలో కూర్చోని చేసే పనికి అలుపు యాడిదమ్మా?” అంటుంది మా అత్త సుబ్బలక్ష్మమ్మ. అందుకే ఆదివారం కూడా విత్తనం శెనక్కాయల బస్తా నా ముందు పెట్టి వలవమంటుంది. వారమంతా గూళూరు నుంచి బస్సులో నిలబడి బాగేపల్లికి వెళ్ళి, ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కళ్ళు పోగొట్టుకుని, తిరిగొచ్చి సంగటి కెలకడం ఆమె దృష్టిలో పని కాదు.

నా ఉద్యోగం ఓడలకు చూపు నేర్పడం. నేను సముద్రం చూసినదాన్ని కాను. ఎక్కడెక్కడి సముద్రాల ఫొటోలో నా కంప్యూటర్‌కి వస్తాయి. ప్రతి ఓడ చుట్టూ, పడవ చుట్టూ గీత గీసి పేరు రాయాలి. వాటిని చూసి, మనుషులు లేకుండా నడిచే ఓడలు ఏది అడ్డమో, ఏది నీళ్ళో నేర్చుకుంటాయి. నా భర్త ధనుంజయ సరుకు ఓడలో కాపలా నిలబడి అడ్డాలు చూసే మనిషి. “చెరువు నిండి పారింది కూడా చూడనిదానివి, నీకేం తెలుసు సముద్రమంటే?” అని సెలవుకొచ్చినప్పుడల్లా నవ్వుతాడు. నవ్వడానికి సముద్రం లేకపోతే నా కూర ఉంటుంది.

మొదట్లో చిన్న చుక్కను కూడా వదిలేదాన్ని కాదు. సూపర్‌వైజర్ అంబరీష్ ఒప్పుకోలేదు. “గోరంత కూడా లేనివన్నీ నీళ్ళనే రాసేయండి మేడం. ఒక్కోదానికీ ఆగితే టార్గెట్ ఎట్లయితాది?” అన్నాడు. ఎనిమిది నెలలు అలాగే రాశాను. అందరికన్నా వేగంగా చేశానని ఆఫీసులో స్టీలు డబ్బా ఇచ్చారు; అత్త అందులో చింతపండు పెట్టుకుంది. మొన్న శుక్రవారం చెయ్యి తగిలి ఒక చుక్క పెద్దదైంది. పడవ. అందులో ఒక మనిషి లేచి నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. అంబరీష్‌ని పిలిచి చూపించాను. “రూలు రూలే” అన్నాడు. నీళ్ళని రాశాను.

ఈ మధ్యాహ్నం వాళ్ళమ్మకు ధనుంజయ ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది.

“ఓడకి కొత్త కెమెరాల మిషన్ పెట్టినారమ్మా. అన్నీ అదే చూస్తాది, అడ్డమొస్తే అదే తిప్పుకుంటాది. కాపలా చూసినానని నేను సంతకం పెడితే చాలు.”

కెమెరా కంపెనీ పేరు చెప్పాడు. మాకు ఫొటోలు పంపే కంపెనీయే. చూసేది అది, తప్పు జరిగితే పేరు ఈయనది. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో నేను చేయని తప్పులన్నీ నా పేరు మీదే ఉన్నాయి, కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. భయమేసింది. అత్త చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

“దానికి చూపు నేర్పింది నేనే. చిన్న పడవలన్నీ నీళ్ళేనని నేర్పినాను. అది చూడదు. బయట మనుషుల్ని నిలబెట్టమని చెప్పు.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“నాతో నిలబడే ముగ్గుర్నీ పోయిన రేవులోనే దించి ఇంటికి పంపించేసినారు,” అన్నాడు. “నేనొక్కన్నే మిగిలినాను.”

“ఇప్పుడు బయట చూస్తాండేది ఎవరు?”

“ఎవరూ లేరు. లోపల టీ తాగుతాండా.”

“లేచి పో. పోయి నిలబడు.”

అత్త శెనక్కాయల చేట కింద పెట్టి నన్నే చూస్తోంది. పెళ్ళయినప్పటినుంచీ నేను ఆయనకు చెప్పిన మొదటి పని అది.