ఒకటి అంటే కింద నుంచి పైకి

ఆ చిప్‌లో నోరు భార్యది, చెవి భర్తది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి కేబుల్ మీద కబురు చేరవేసే ఈథర్‌నెట్ చిప్ అది. ఒకట్లనూ సున్నాలనూ కరెంటు ఎగుడుదిగుళ్లుగా మార్చి తీగలోకి వదిలే భాగం ఆమె రాసింది. అవతల నుంచి వచ్చే ఎగుడుదిగుళ్లను మళ్లీ ఒకట్లు, సున్నాలు చేసే భాగం ఆయన రాశాడు. "వాళ్లింట్లోనూ అంతేగా, ఆవిడ చెప్తుంది, ఆయన వింటాడు" అని ఆఫీసంతా వేళాకోళం చేసేది. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. నోరు రాసేవాళ్లూ చెవి రాసేవాళ్లూ ఆ పని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇలాంటి చిప్పులన్నీ ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో చెప్పే ప్రమాణాల పుస్తకం ఒకటి ఉంటుంది, ఎవరికి వాళ్లు అది చూసి రాయాలి. ఒకరి పొరపాటు రెండోవాళ్లకు అంటుకోకుండా ఈ ఏర్పాటన్నమాట. మొగుడూ పెళ్లాలకు ఈ పని ఇవ్వడమేమిటని నలుగురూ నసిగినా, "ఇంట్లో ఈ ఊసెత్తం" అని ఇద్దరూ మాటిచ్చాక ఆఫీసు నడిపే పెద్దమేడం సరేనంది. పన్నెండేళ్ల కాపురంలో వాళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేయడం అదే మొదటిసారి. ఆ ఏడాది ఆమెకు ఆఫీసంటే ఎంత ఇష్టంగా ఉందో చెప్పలేం.

రెండు భాగాలనూ పరీక్ష బోర్డు మీద కలిపితే లక్ష కబుర్లలో ఒక్కటీ తప్పిపోలేదు. మర్నాడే డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లాలి. వెళ్లిందంటే ఇక దిద్దడానికి వీలుండదు.

ఆ మధ్యాహ్నం ఆమె చిప్ వాడేవాళ్ల కోసం చిన్న పుస్తకం రాస్తూ కూర్చుంది. ఈ కబుర్లలో ఏ అంకె ఎప్పుడు మొదలైందో వేళ చెప్పే తీగ వేరే ఉండదు. అందుకే ప్రతి అంకె నడిమధ్యన కరెంటు ఎక్కడమో దిగడమో చేసి తీరాలి. వినేవాడు ఆ కుదుపులను బట్టే వేళ సరిచేసుకుంటాడు, ఎక్కిందా దిగిందా చూసి అంకె తెలుసుకుంటాడు. ఆమె ఒకటికి పై నుంచి కిందికి గీత గీసింది. బొమ్మ కదా, ఒకసారి సరిచూద్దామని ప్రమాణాల పుస్తకం తెరిచింది. అందులో ఒకటి కింద నుంచి పైకి ఉంది.

బొమ్మ చూసింది, అట్ట చూసింది, మళ్లీ బొమ్మ చూసింది. పాత ఉద్యోగంలో చేసిన చిప్పుల్లో ఒకటంటే దిగడమే. ఆ అలవాటు కొద్దీ పుస్తకం వైపు చూడకుండానే రాసేసింది. సరే, తను తప్పు రాసింది. మరి ఆయన చెవికి ఆ తప్పు ఎందుకు పట్టుబడలేదు?

అప్పుడు గుర్తొచ్చింది వంటింటి సంగతి. ఆర్నెల్ల కిందట కూరగాయలు తరుగుతూ ఆయన, "ఒకటంటే ఎక్కడమా, దిగడమా?" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "దిగడం" అనేసి ఆమె గిన్నె దించింది. వాళ్లు మాట తప్పింది ఆ ఒక్కసారే. తప్పు నోటికి తప్పు చెవి భలేగా కుదిరింది. ఈ చిప్ మాట బయట ఏ కంప్యూటర్‌కీ అర్థం కాదు.

గుట్టుగా తన భాగం ఒక్కటే దిద్దితే రెండూ కలవవు. ఉన్న సంగతి చెప్తే తమను విడదీస్తారు. ఆ పక్క బల్ల ఖాళీ అవుతుందనుకుంటేనే ఆమెకు దిగులేసింది.

"ఏమండీ, కొంప మునిగింది. ఒకటంటే ఎక్కడం."

"నువ్వేగా దిగడం అన్నావ్?"

"మీరు అడక్కూడదు కదా!"

"నువ్వు చెప్పకూడదు కదా!"

కాసేపు ఒకరినొకరు గుర్రుగా చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసే పెద్దమేడం గదికి వెళ్లారు.

పెద్దమేడం అంతా విని కళ్లద్దాలు తీసింది. "ఇంట్లో ముందు ఈ ఊసెత్తింది ఎవరు?"

"నేనే" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఇదిగో, ఇదే మీ జబ్బు! ఇద్దరూ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు. ఫ్యాక్టరీవాళ్లను మూడు రోజులు ఆగమంటాను. బాబూ, నీ బల్ల ఆ చివరి గదికి. ఇద్దరూ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, ఎవరి భాగం వాళ్లు మళ్లీ రాయండి."

ఆ మూడు రోజులూ ఇంట్లో కారుతున్న కుళాయి గురించీ, పక్కింటి కుక్క గురించీ బోలెడు మాట్లాడుకున్నారు. నాలుగో రోజు పొద్దున రెండు భాగాలనూ కలిపారు. ఈసారి పెద్దమేడం బజారులో కొన్న వేరే కంపెనీ ఈథర్‌నెట్ కార్డు కూడా తెచ్చి తగిలించింది. ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు, అన్నీ చేరాయి.

ఆమెకు కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్లుగా తను చెప్పినదానికల్లా ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు, అది విని తను మురిసిపోతూనే ఉంది. తను చెప్పకుండా, ఆయన అడక్కుండా, చెరో గదిలో కూర్చుని ఒకే జవాబుకు రావడం మాత్రం ఇదే మొదలు. ఆ ఊ కంటే ఇదే ఎక్కువ సంతోషంగా ఉంది.

చివరి గది తలుపు తట్టింది. ఆయన కిటికీ పక్కన కుర్చీ వేసుకుని హాయిగా ఉన్నాడు.

"మేడం మళ్లీ పాత చోటుకు రమ్మంటే వస్తారా?"

ఆయన కాస్త నసిగాడు. "ఇక్కడ వెలుతురు బాగుందే..."

"నేనూ అదే అనుకున్నా. ఉండండి ఇక్కడే" అందామె, మనస్ఫూర్తిగా.