నమలని దవడ

కటిబాస్ ఏటి ఒడ్డున ఆ పొడుగింట్లో పధ్నాలుగు గుమ్మాలు, గుమ్మానికో కుటుంబం, అందరికీ కలిపి ఒకటే వసారా. పొద్దు వాలేసరికి పధ్నాలుగు పొయ్యిల దగ్గరా అన్నాలకి కూచుంటారు. వాళ్ళతో పాటే దూలాలకి కట్టిన అడవిపంది దవడలూ నమలడం మొదలెడతాయి. ఏ పందిని ఎవరు చంపారో వాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకుంటే దాని దవడ ఆడుతుంది, చెయ్యి కడుక్కుంటే ఆగిపోతుంది. మూడో గుమ్మం మెరింగాయ్ కలప కొట్టే పనికెళ్ళినప్పుడు వాళ్ళింట్లో దవడలు వేళాపాళా లేకుండా నమిలేవి. "మీ ఆయనకి అక్కడ రెండో భోజనం ఎవరు పెడుతున్నారే?" అని ఆడాళ్ళు అతని పెళ్ళాన్ని ఏడిపించేవాళ్ళు. ఉచ్చులో పడి చచ్చిన పంది దవడ మాత్రం ఎవరు తిన్నా కదలదు.

పన్నెండో గుమ్మం జంతాయ్‌ది. అరవై దాటినా వేటకి ముందు నడిచేది ఆయనే. ఈ నెల్లో మూడు పందుల్ని తెచ్చాడు. అన్ని గుమ్మాలకీ సమానంగా పంచాడు కూడా. కానీ ఒక్క దవడా ఇంటికి రాలేదు.

"పొలం గుడిసెలో ఆరుతున్నాయి," అన్నాడు పెళ్ళాం సులావ్‌తో.

"ఇన్నేళ్ళూ మన పొయ్యి మీదే ఆరాయి కదయ్యా!"

"చీమలు పడుతున్నాయే."

 ఆ రోజు నుంచి సులావ్ మొగుణ్ణి ఒక కంట కనిపెడుతూనే ఉంది. బల్లెం ఏట్లో కడిగేసి తెస్తున్నాడు. వేట నుంచి వచ్చిన కుక్కలు ఆయన్ని వదిలేసి, ఆకుకూర బుట్టతో అప్పుడే వచ్చిన కూతురు ఎంపియాంగ్ కాళ్ళ దగ్గర పడుకుంటున్నాయి. అన్నిటికంటే ఆవిణ్ణి కుదిపేసింది ఏంటంటే, ఆయన తన మొహంలోకి చూడ్డం మానేశాడు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా ఎటో చూస్తాడు. తప్పు చేసినోడి చూపు ఇది అనుకుంది సులావ్.

ఇంతలో నాలుగో గుమ్మం వాళ్ళ కుక్క కుంటుకుంటూ వచ్చింది. కాలికి ఇనప తీగ కోసుకుపోయింది. ఎవరో అడవిలో ఉచ్చులు పెట్టారు.

ఆ మధ్యాహ్నం వసారాలో చాపల మీద ఇదే గొడవ.

"ఏరు ఈదే పందిని పడవలోంచి పొడుస్తాం కదా, అది మాత్రం న్యాయమా?" అన్నాడు మెరింగాయ్. ఊళ్ళో తుపాకీ ఉన్నది అతనికే. "నీళ్ళలో దానికి కాళ్ళున్నా లేనట్టే. ఎలా చంపితే ఏంటి, కూర ఒకటే!"

"కూర ఒకటే, చంపినోడు ఒకటి కాదు," అన్నాడు జంతాయ్. "పందికి నువ్వున్నావని తెలియాలి. పారిపోడానికో మీద పడ్డానికో దానికో దారుండాలి. పొడిచాక దెబ్బతో తప్పించుకుంటే చీకటి పడేదాకా వెతకాలి. గురి లేని చెయ్యి అసలు బల్లెం ఎత్తకూడదు."

"అబ్బో! మరి మామా, మూడు పందులు దొరికాయి, నీ కుక్కలు మొరగడం ఒక్కరికైనా వినపడిందా? దవడలేవి?"

 ఊరి పెద్ద బెలాయాంగ్ గొంతు సవరించుకున్నాడు. "జంతాయ్, ఒక్క దవడ తెచ్చి కట్టు. అది కదలకపోతే ఇక నీ గుమ్మం నుంచి ఎవరూ వేటకి రారు. నీ తర్వాత నీ పిల్లలైనా సరే."

జంతాయ్ తలూపాడు.  అది చూసి, తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది సులావ్.

సాయంత్రానికి పన్నెండో పొయ్యి మీద దవడ వేలాడుతోంది. గుమ్మం నిండా జనం. ఎంపియాంగ్ అందరికీ అన్నం పెడుతోంది. వడ్డించాక చివర్లో తినడం ఆ పిల్లకి అలవాటు. జంతాయ్ ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు. పాత దవడలన్నీ ఆడాయి, కొత్త దవడ మాత్రం కదల్లేదు. ఇంకో ముద్ద. కదల్లేదు.

"ఇంకేం కావాలి?" అన్నాడు మెరింగాయ్.

"ఛీ! ఈ వయసులో ఉచ్చులు పెట్టావా?" అంది సులావ్. "కుక్క కాలు కాకుండా ఎవరి పిల్లాడి కాలో అయితేనో?"

జంతాయ్ గిన్నె కోసం చెయ్యి చాపాడు. గిన్నె ఇటుంటే చెయ్యి అటు తడుముకుంటోంది. సులావ్ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు, మూలన కూచుని తలొంచుకున్న ఎంపియాంగ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

కరకరా.

ఆ పిల్ల బిత్తరపోయి నమలడం ఆపింది. దవడా ఆగింది. మళ్ళీ నమిలింది. దవడా నమిలింది.

"పోయిన నెల్లో నా బల్లెం కుక్క పక్కనుంచి పోయింది," అన్నాడు జంతాయ్, ఎవరి వైపూ చూడకుండా. "కళ్ళకి పొర కమ్మింది. ఆ రోజే బల్లెం దించేశా. అప్పట్నుంచి ఆ బల్లెం ఎంపియాంగ్‌దే. మొరుగుడు ఎవరికీ వినపడకూడదని కుక్కల్ని ఊరి పొలిమేర దాటించేది. పందికి ఎదురుగా నిలబడే పొడుస్తుంది, పిల్లలున్న పందిని వదిలేస్తుంది. ఆడపిల్ల బల్లెం పట్టిందంటే ఊరుకుంటారా మీరు?"

"నీ పిల్లలైనా రారన్నాను," అన్నాడు బెలాయాంగ్ మెల్లిగా, "దవడ కదలకపోతే కదా! కదిలిందిగా."

మర్నాడు మెరింగాయ్ పెందలాడే లేచి పటకారు పట్టుకుని అడవిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అతని భుజాన ఇనప తీగల చుట్ట ఉంది, తను పెట్టిన ఉచ్చులన్నీ విప్పేసి తెచ్చాడు.

ఆ సాయంత్రం ఎంపియాంగ్ గరిటె తీసుకోబోతే సులావ్ లాక్కుంది.

"కూచో. ముందు నువ్వు తినవే. పైన అది ఎదురుచూస్తోంది."